రాగిరేకు మీద వెలుగు

కోదాడ ఖమ్మం క్రాస్‌రోడ్డు దగ్గర, జనం బిర్యానీ పార్శిళ్ల కోసం ఎగబడుతున్న మిట్టమధ్యాహ్నం, మట్టయ్యను అతని ఉలితోనే గొంతులో పొడిచి చంపారు.

మట్టయ్య స్టీలు బిందెల మీద పేర్లు కొట్టేవాడు. అసలు విద్య మాత్రం రాగిరేకుల మీద యంత్రాలు చెక్కడం. ఇల్లు కట్టినా, కొత్త లారీ కొన్నా ఆ చుట్టుపక్కల వాళ్లు ముందు మట్టయ్య చెక్కిన రేకు బిగించుకుని గాని అడుగు బయట పెట్టరు. అంతమందికి దిష్టి తగలకుండా చూసిన మనిషికి, తన మీద పడిన కన్ను కనబడలేదు పాపం.

ధర్మేందర్ కాస్త ఆలస్యంగా చేరాడు. చంకలో కొత్త బిందె, నోట్లో వక్కపలుకు, భుజాల దాకా ఉన్న జుట్టును దాచిన తలపాగా, చెల్లెలి పెళ్లికి పేర్లు కొట్టించుకోవడానికి వచ్చిన రైతు వేషం. డెస్క్ నైన్‌లో అతని కన్నా బాగా తుపాకీ కాల్చేవాళ్లు ఉన్నారు గాని, అతని కన్నా సహజంగా బేరమాడేవాళ్లు లేరు. డెస్క్ నైన్ అన్న పేరు ఏ ప్రభుత్వ కాగితంలోనూ ఉండదు. దేశం మీద కన్నేసిన విదేశీ ముఠాల లెక్క తేల్చడం దాని పని. అలాంటి ముఠా ఒకటి మట్టయ్యతో రేకు చెక్కిస్తోందని కబురు అందింది.

మట్టయ్య కొట్టు షట్టర్ సగం దించి ఉంది. దాని కిందుగా నెత్తురు పాయ గట్టి మెట్టు దాకా వచ్చింది. ధర్మేందర్ వంగి లోపలికి దూరేసరికి హెల్మెట్ పెట్టుకున్న మనిషి ఒకడు పెట్రోలు క్యాన్ మూత తిప్పుతున్నాడు. ఇద్దరికీ పరిచయాల అవసరం పడలేదు. హెల్మెట్‌వాడు కత్తి దూశాడు. ధర్మేందర్ బిందెతో కొట్టాడు. కత్తి బిందెలో దిగి ఇరుక్కుంది. రెండో దెబ్బకు హెల్మెట్ ఊడిపోయింది. మూడో దెబ్బకు వాడు గిర్రున తిరిగి, రాగి కడిగే యాసిడ్ తొట్టి మీద బోర్లా పడ్డాడు. వాడి కేకలు బయట బస్సు హారన్లలో కలిసిపోయాయి. ధర్మేందర్ కాలర్ పట్టి బయటికి లాగేసరికి వాడి దవడ కిందేదో చిట్లింది. నాలిక కింద దాచుకున్న విషపు గుళిక కొరికేశాడు. ఒక్క ముక్క చెప్పకుండా చచ్చాడు.

మట్టయ్య మాత్రం పనిపీట దగ్గరే కూచున్నట్టుగా ఉన్నాడు. వేళ్లకింకా మసి అంటుకునే ఉంది. పీట మీద రేకు లేదు. దాన్ని తీసుకుపోయినవాడు ఎప్పుడో బైకెక్కాడు. ధర్మేందర్ ఆ పెద్దమనిషి కళ్లు మూశాడు. బిందె మీద పేరు కొట్టుకునేవాణ్ని కూడా వదలరా అని ఒళ్లు మండింది.

పీట కింద ఉండచుట్టిన కాగితం దొరికింది. రేకు చెక్కాక మట్టయ్య గీతల్లో నూనె, మసి కలిపి రుద్దుతాడు. పైన మిగిలిన మసిని కాగితం అద్ది తీసేస్తాడు. ఆ అద్దకంలో బొమ్మంతా కాగితానికి ఎక్కింది. విప్పి చూస్తే ఏ అమ్మవారూ కాదు, ఏ చక్రమూ కాదు. గడ్డం ఉన్న తెల్లదొర సాధువు ఒకాయన, చుట్టూ చిక్కటి చీకటి.

* * *

మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు గేటు దగ్గర ధర్మేందర్‌ను వాచ్‌మన్ కుర్చీలోంచి లేవకుండానే అడిగాడు.

"బీపీటీ సన్నాలా, దొడ్డువా?"

"దొడ్డువే. బీపీటీకి మబ్బు పట్టింది."

కోడ్ సరిపోయింది. గేటు తెరుచుకుంది. ఊక గుట్ట వెనకాల ఏసీ గదిలో చీఫ్ యాదయ్య కూచున్నాడు. ఊరికి మిల్లు మేనేజర్, ఢిల్లీకి డెస్క్ నైన్ దక్షిణ విభాగం అధిపతి. పక్కనే మంజుల. హైదరాబాద్ నుంచి అప్పుడప్పుడూ పిలిపించే ఆర్ట్ ఎక్స్‌పర్ట్, రోమ్‌లో చదువు. నల్ల షిఫాన్ చీర, ఎర్రని గోళ్లు, తలమీదికి తోసిన కూలింగ్ గ్లాసెస్. ఆమె లారీ యార్డు దాటుతుంటే హమాలీలు బస్తా ఏ భుజం మీద ఉందో మర్చిపోతున్నారని మిల్లులో చెప్పుకునేవారు. ధర్మేందర్ హమాలీ కాదు గాని, అతని పరిస్థితీ దాదాపు అదే.

యాదయ్య బ్రీఫింగ్ ఎప్పుడూ పొట్టిగానే ఉంటుంది. ముఠా పేరు ల్యాంటర్న్. వాళ్ల షూటర్ కోడ్‌నేమ్ డీకన్, ఏ దేశంవాడో ఎవరికీ తెలియదు. టార్గెట్ జగదీష్. సూర్యాపేటలో గొర్లు కాసుకునే ఇంట పుట్టి, క్షిపణికి దారి చూపించే గైడెన్స్ చిప్ తయారుచేసిన ఇంజినీర్. ఆ విద్య ఇంకా అతని తలలోనే ఉంది, కాబట్టి ఆ తలే వాళ్లకు కావాలి. ల్యాంటర్న్ వాళ్లు ఫోన్ ముట్టరు, మెయిల్ పంపరు. ఆర్డర్ పాత చర్చి బొమ్మగా వస్తుంది, అదీ రాగిరేకు మీద. రాగిరేకుకు సిమ్ ఉండదు. మన జిల్లాలో సంచిలో రాగిరేకు కనబడితే కానిస్టేబుల్ దండం పెట్టి పంపిస్తాడు.

మంజుల కాగితం మీద భూతద్దం పెట్టింది.

"మూడు నాలుగు వందల ఏళ్ల నాటి యూరప్ చెక్కుడు బొమ్మ, బరోక్ కాలం ఎన్‌గ్రేవింగ్ చూసి కాపీ చేశారు. ఇందులో రంగు ఉండదు, బూడిద ఛాయ కూడా ఉండదు. ఉన్నదల్లా గీత. గీత లావెక్కి ఒకదాని మీదొకటి పడితే చీకటి. సన్నబడితే వెలుగు. గీతే లేనిచోట దేవుడు."

"వెలుగు ఒక దిక్కు నుంచే పడ్తుందేంది?" అన్నాడు యాదయ్య.

"అదే వాళ్ల కిటుకు సార్. మనిషిని చీకట్లో నిలబెట్టి ఒకవైపు నుంచే వెలుగు పోస్తారు. చూసేవాడి మోకాళ్లు వాటంతటవే వంగుతాయి."

ఆమె చెబుతుంటే ధర్మేందర్ నిజంగానే మైమరిచిపోయాడు. ఆ సాధువు నది ఒడ్డున నిలబడ్డాడు. ఒక చేతిలో కుండ, రెండో చెయ్యి దీవెనగా పైకెత్తి ఉంది. వెనక నీడలో అతని మెడకు కట్టడానికి బండరాయి మోసుకొస్తున్న భటులు. వాళ్ల ముఖాలు సగం చీకట్లో కరిగిపోయాయి. ఇంత అందమైన దాన్ని హత్యకు వాడుకోవడమేమిటని అతనికి బాధ వేసింది.

నిరుడు కొచ్చిలో దొరికిన ల్యాంటర్న్ మనిషి చచ్చేముందు ఒకే ఒక్క సంగతి కక్కాడు: బొమ్మలో వెలుగు ఎటునుంచి పడితే తూటా అటునుంచి వస్తుంది. కుండ, నది ఏమిటో చెప్పడానికి ఏ ఎక్స్‌పర్టూ అక్కర్లేదు. జగదీష్ తండ్రి సైదయ్య ముందురోజే పోయాడు. మూడోరోజు పొద్దున వాడపల్లిలో, మూసీ కృష్ణలో కలిసే చోట, కొడుకు అస్థికలు కలపాలి. ముసలాయన దవాఖానలో మంచం పట్టిన నాడే వీళ్లు మట్టయ్యకు రేకు ఆర్డర్ ఇచ్చి, ఆయన పోయేదాకా రాబందుల్లా కాచుకున్నారు.

"వెలుగు ఎడమ నుంచి," అంది మంజుల. "రేవు మెట్ల మీద నదికి ఎదురుగా నిలబడితే ఎడమన ఏముంది?"

"వంతెన," అన్నాడు యాదయ్య. "మనోళ్లందరు వంతెన మీదనే ఉంటరు."

కుడివైపున ఎత్తిపోతల పంప్‌హౌస్ ఉంది. దాని ఊసు ఎవరూ ఎత్తలేదు.

* * *

సూర్యాపేటలో జగదీష్ ఇంటికి ధర్మేందర్ ఒక్కడే వెళ్లాడు. అస్థికలు కలపడం ఇంకో రోజుకు వాయిదా వేయమని, లేకపోతే ఒంటికి బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ తొడుక్కోమని నచ్చజెప్పాలని చూశాడు. జగదీష్ వినలేదు. తడిపంచె, తువ్వాల తప్ప ఒంటి మీద నూలుపోగు ఉండకూడని కర్మకు జాకెట్ ఏమిటన్నాడు. తండ్రి బతికుండగా ఎన్ని పండుగలకు రాలేకపోయాడో అతనికే తెలుసు. ఈ ఒక్కదానికీ రాకపోతే ఇక తనకు తండ్రి లేడన్నాడు.

అతని తల్లి రుక్కమ్మ గోడవారన కూచుని అంతా వింది. చివరికి ధర్మేందర్‌ను దగ్గరికి పిలిచింది.

"నువ్వు ఏడోనివి బిడ్డా?"

"నడిగూడెం, పెద్దమ్మా. మాదీ గొర్ల మందే."

"గట్లనా. అయితే నీకు ఇడమరిసి చెప్పుడు అక్కర్లేదు. మందల ఒకటి పోతే ఏడుస్తం. ఎన్కనే ఇంకోటి పోతే కాపరి ఎందుకున్నట్టు? ఆయన పోయిండు, తట్టుకున్న. పిలగాని కూడా గదే నీళ్లల్ల కలిపి రమ్మంటే నాతోని కాదు."

"ఇంటికి తోల్కొస్త పెద్దమ్మా."

మాట ఇచ్చేశాడు. డెస్క్ నైన్ రూల్‌బుక్‌లో మాట ఇవ్వకూడదని మొదటి పేజీలోనే ఉంటుంది. రుక్కమ్మ లేచి, పోయినాయన మందలోంచి గొర్లను ఆటోట్రాలీ ఎక్కించి ఇచ్చింది. సైదయ్య గొంగడి, కొడవలి కట్టిన పొడుగుకర్ర కూడా ఇచ్చింది. జీవితంలో మొదటిసారి ధర్మేందర్ వేసుకున్న వేషం వేషం కాకుండా పోయింది.

* * *

వాడపల్లి రేవు పొద్దుటెండలో వేడెక్కుతోంది. ధర్మేందర్ గొంగడి తలమీద వేసుకుని ఒడ్డున గొర్లను మేపుతున్నాడు. చెవిలో బియ్యపుగింజంత ఇయర్‌పీస్. వంతెన మీద రోడ్డు పనివాళ్ల వేషాల్లో యాదయ్య మనుషులు. వంతెన మొదట్లో కమ్యూనికేషన్ వ్యాన్, అందులో మంజుల. బొమ్మతో సీన్‌ను పోల్చి చూడాలని తనే అడిగి వచ్చింది. ఆమె ధైర్యానికి మెచ్చుకుని యాదయ్య తన సూదిపెన్ను కూడా ఇచ్చాడు. మూత తిప్పి గుచ్చితే ఎద్దు కూడా కూలబడుతుంది.

జగదీష్ తడిపంచెతో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడ్డాడు. చేతిలో మట్టికుండ. మెట్టు మీద రుక్కమ్మ. అయ్యగారు మంత్రం ఆపి అతని భుజం మీది తువ్వాల వైపు చూశాడు.

"తువ్వాల కుడిభుజం మీదికి మార్చు నాయనా. ఇది పితృకార్యం. అన్నీ తిరగేసి చెయ్యాలె."

ఆ మాట ధర్మేందర్‌కు ఎక్కడో గుచ్చుకుంది. గొంగడి కింద ఫోన్ తీసి బొమ్మ ఫొటో చూశాడు. సాధువు కుడిచేత్తో కుండ పట్టుకున్నాడు. దీవిస్తున్నది ఎడమచేత్తో.

ఎడమచేత్తో దీవించే సామి ఏ మతంలోనైనా ఉంటాడా? వెనక భటుడి కత్తిని చూశాడు. ఒర కుడి తొడకు వేలాడుతోంది. బొమ్మలో ఉన్నవాళ్లంతా పుర్రచేతివాళ్లే.

దొరలు రాగి మీద బొమ్మ చెక్కేది కాగితం మీద అచ్చు తీయడానికి. అచ్చులో కుడిఎడమలు తారుమారవుతాయి కాబట్టి వాళ్లు రేకు మీద బొమ్మను తిరగేసి చెక్కుతారు. మట్టయ్యకు ఆ గొడవే లేదు. యంత్రాన్ని ఎవరూ అచ్చు వేయరు, రేకునే గోడకు కొడతారు. కాబట్టి ఇచ్చిన బొమ్మను ఇచ్చినట్టే రేకుకు ఎక్కించాడు. రేకు మీద ఉన్నది సరైన బొమ్మ. మసి అద్దిన కాగితం మీద ఉన్నది తిరగబడ్డ బొమ్మ. డీకన్ చేతిలో ఉన్నది రేకు. తమ చేతిలో ఉన్నది కాగితం.

వెలుగు కుడినుంచి. పంప్‌హౌస్.

ఇంకో సంగతి దాని వెంటనే తట్టింది, అది మరీ చేదుగా ఉంది. ఈ తిరగేత రోమ్‌లో చదివినావిడకు తెలియకుండా ఉండదు. తెలిసీ చెప్పలేదు.

"సార్, కుడిదిక్కు. పంప్‌హౌస్," అన్నాడు మైక్‌లో. బదులుగా వచ్చింది బుసబుస శబ్దం మాత్రమే. లైన్ జామ్ అయింది.

ఇక ఆలోచించలేదు. నాలిక మడిచి కాపరి ఈల వేశాడు. మంద మొత్తం ఒక్కసారిగా నీళ్లమీదికి ఉరికింది. మొదటి తూటా జగదీష్‌కు అడ్డం వచ్చిన పొట్టేలు మెడలో దిగింది. నెత్తురు జగదీష్ ఛాతీ మీద చిమ్మింది. ధర్మేందర్ గాల్లోకి లేచి అతన్ని గుద్దాడు. కుండ ఇద్దరి మధ్యా పగిలింది. రెండో తూటా ధర్మేందర్ భుజం చీల్చుకుపోయింది. బూడిద, నెత్తురు, నీళ్లు కలిసి అతని మొహమంతా పూసుకున్నాయి.

"నీళ్లల్లనే ఉండు. గొర్లను అడ్డం పెట్టుకో. లేవకు," అని జగదీష్‌తో చెప్పి, కర్ర తీసుకుని రెల్లుగడ్డి చాటున పంప్‌హౌస్ వైపు పరుగెత్తాడు. డీకన్ ఇంకో రెండుసార్లు కాల్చాడు. ఒకటి రెల్లును కోసింది. ఇంకోటి ఎటు పోయిందో తెలియదు.

లోపల మోటారు రొద. తుపాకీ చప్పుడు బయటికి వినబడకుండా కాపాడింది అదే. లైన్‌మన్ ఖాకీ చొక్కాలో పొడుగాటివాడొకడు కిటికీ దగ్గర రైఫిల్‌తో వెనక్కి తిరిగాడు. ధర్మేందర్ దగ్గరికి పోకుండానే పొడుగుకర్ర చాచి, కొమ్మలు కోసే ఆ కొడవలితో వాడి మడమ నరం లాగేశాడు. డీకన్ ఒక మోకాలి మీద కూలి, అరవకుండానే కత్తి విసిరాడు. అది ధర్మేందర్ తొడలో దిగింది. ఇద్దరూ నేలమీద పడి దొర్లారు. డీకన్ వేళ్లు గాయపడ్డ భుజంలోకి దిగి తిప్పుతుంటే ధర్మేందర్‌కు కళ్లు బైర్లు కమ్మాయి. అతనికి మట్టయ్య మసి వేళ్లు గుర్తొచ్చాయి. ఒడుపుగా నడుము ఎత్తి డీకన్‌ను తలమీదుగా తోశాడు. తిరుగుతున్న మోటారు బెల్టు వాడి చేతిని అందుకుంది, చేతి వెంట మెడను. మోటారు ఒక్కసారి మూలిగి ఆగింది. వాడి ప్రాణమూ ఆగింది.

కిటికీ పక్కన మేకుకు రాగిరేకు వేలాడుతోంది. సాధువు కుడిచేత్తో దీవిస్తున్నాడు. వెలుగు కుడినుంచి పడుతోంది.

గట్టిగా ఊపిరి పీల్చుకునే లోపు కిటికీలోంచి రేవు కనబడింది. యాదయ్య మనుషులంతా ఒడ్డు వెంట పంప్‌హౌస్ వైపే పరుగెత్తుకొస్తున్నారు. అంటే రేవులో కాపలా లేదు. అయ్యగారు ఎప్పుడో పంచె ఎగ్గట్టి పరారయ్యాడు. గొర్లు ఒడ్డెక్కాయి. మంజుల మెట్లు దిగి జగదీష్‌కు చెయ్యి అందిస్తోంది. ఆమె రెండో చేతిలో సూదిపెన్ను. బొటనవేలు మూత తిప్పుతోంది.

అరిస్తే వినబడే దూరం కాదు. ధర్మేందర్ డీకన్ రైఫిల్ అందుకున్నాడు. అందులో మిగిలింది ఒక్కటే తూటా. ఎడమచెయ్యి లేవడం లేదు, గొట్టాన్ని కిటికీ చట్రానికి ఆనించాడు. స్కోప్‌లో మంజుల, ఆమె వెనక జగదీష్, అంతలో కొడుక్కు పొడి తువ్వాల ఇవ్వడానికి రుక్కమ్మ లేచి అడ్డం వచ్చింది. అతను ట్రిగ్గర్ మీది వేలు ఆపాడు. మంజుల నవ్వుతూ రుక్కమ్మను పక్కకు జరిపింది, పెద్దావిడ మీద ఎంతో ప్రేమ ఉన్నట్టు. సూది జగదీష్ మెడ దాకా పోయింది.

ధర్మేందర్ కాల్చాడు.

ల్యాంటర్న్ వాళ్ల రేకు అబద్ధం చెప్పలేదు. తూటా కుడినుంచే వచ్చింది. మంజుల ఛాతీలో దిగింది.

అతను కుంటుకుంటూ రేవుకు చేరేసరికి ఆమె మెట్టు మీద పడి ఉంది. నల్లచీర కాబట్టి నెత్తురు మెట్ల మీదికి పారేదాకా కనబడలేదు. కోపం రావాల్సిన చోట అతనికి జాలి వేసింది, దానికి తన మీదే కోపం వచ్చింది.

"కుడిఎడమల సంగతి... నీకెవరు చెప్పారు?" అంది మంజుల.

"మీరు చెప్పకపోతే తెలిసింది," అన్నాడు.

ఆ మాటతోనే ఆమె ప్రాణం పోయింది. హ్యాండ్‌బ్యాగులో లిప్‌స్టిక్ ఆకారంలో ఉన్న జామర్ ఇంకా బుసకొడుతూనే ఉంది.

జగదీష్ మెట్ల మీద తలపట్టుకు కూచున్నాడు. కుండ పగిలిపోయిందని, మంత్రం మధ్యలో ఆగిపోయిందని, నాన్నకు ఈ ఒక్క పనీ సరిగ్గా చేయలేకపోయానని ఏడుస్తున్నాడు. ప్రాణం పోయి వచ్చిందన్న ధ్యాసే లేదు. రుక్కమ్మ కొడుకు తల, మెడ, వీపు తడిమి తడిమి చూసుకుంది. ఎక్కడా చిల్లి లేదని నమ్మకం కుదిరాక ధర్మేందర్ వైపు తిరిగింది. అతని మొహం మీద, ఛాతీ మీద తడిబూడిద ఇంకా అంటుకునే ఉంది. చేత్తో నీళ్లు తీసి దాన్ని మెల్లగా కడిగింది. ఆ నీళ్లు పారి కృష్ణలో కలిశాయి.

"ఏడవకు జగ్గా," అంది కొడుకుతో. "అయిపోయింది. మీ నాయిన నీళ్లల్ల కలిసిండు. గీ పిలగాని చేతుల మీదికెళ్లి కలిసిండు." తర్వాత ధర్మేందర్‌ను చూసి, తీర్పు చెప్పినట్టుగా అంది. "అస్తికలు కలిపినోడే కొడుకు. దశదినానికి రా బిడ్డా. జగ్గనితోని పాటు నీకు గూడ గుండు."

అతని జవాబు కోసం ఆగకుండా రుక్కమ్మ గొర్లను లెక్కపెట్టుకుంటూ పోయింది.

దశదినం నాడు సూర్యాపేటలో, భుజానికి కట్టుతో, జగదీష్ పక్కన మంగలి ముందు తలవంచి కూచున్నప్పుడు ఫోన్ మోగింది. యాదయ్య. అవతల హుషారుగా బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. కొత్త మిషన్ గోవాలోనట. కవర్ రాక్ గిటారిస్టట. విగ్గు పెడితే పట్టేస్తారట, భుజాల దాకా సొంత జుట్టు ఉన్న ఏజెంట్ డెస్క్ నైన్ మొత్తానికి ధర్మేందర్ ఒక్కడేనట.

ధర్మేందర్ ఒళ్లో పడుతున్న జుట్టు వైపు చూశాడు.

"ఆ పోస్టు ఇప్పుడే ఖాళీ అయింది సార్," అన్నాడు.